డ్యూరర్ వాళ్లమ్మను అంత వికారంగా ఎందుకు గీశాడు? ముసలివాళ్ల బొమ్మ చూసి ఏం రాయాలి, ఏం రాయకూడదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఎఫ్ఏ మొదటి సంవత్సరం, ఆర్ట్ హిస్టరీ అసైన్‌మెంట్. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో బొగ్గుతో గీసిన వాళ్లమ్మ బొమ్మ ఇచ్చి రెండు పేజీల విశ్లేషణ రాయమన్నారు. మీరు "ఆమె ముఖంలో జీవితకాలపు బాధ, నిరాశ, ఒంటరితనం కనిపిస్తున్నాయి" అని మొదలుపెడితే మీ సార్ దాని కింద ఎర్ర గీత కొట్టి, "ఎక్కడ?" అని ఒక్క మాట రాసి తిరిగిచ్చేశారు. దానికంటే మీకు ఎక్కువ ఇబ్బందిగా ఉన్న సంగతి వేరే: కన్నతల్లిని ఇంత వికారంగా, మెల్లకన్నుతో సహా ఎవరైనా గీస్తారా, అతనికి ఆమె అంటే ఇష్టం లేదా అని.

ఏమనుకోకండి, నేను మీ సార్ వైపే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేశాను, లోయర్ గ్రేడు హయ్యర్ గ్రేడు పరీక్షలకి ఎన్ని బ్యాచీలు పంపానో లెక్కలేదు. ముసలివాళ్ల బొమ్మ ఏది ముందు పెట్టినా పిల్లలు ఇదే వాక్యం రాస్తారు. బొమ్మ చూడకుండా కూడా రాయొచ్చు ఆ వాక్యం, దాని లోపమే అది. ముడతలు కనిపించగానే కష్టాలు అనేస్తాం. అరవై దాటితే నవ్వుతూ బతికినవాళ్లకీ ముడతలు వస్తాయి కదండీ.

అందుకని ముందు భావాలు పక్కన పెట్టి, కాగితం మీద ఏముందో చూడండి. గట్టిగా నొక్కి గీసింది ఎక్కడ, చెయ్యి తేలిగ్గా పోనిచ్చింది ఎక్కడ, అసలు గీయకుండా వదిలేసింది ఎక్కడ. డ్యూరర్ ఈ బొమ్మలో తలగుడ్డని నాలుగు వెడల్పాటి గీతల్లో తేల్చేశాడు, ఒంటిమీద బట్టనైతే ఏదో ఉందనిపించేంత మాత్రమే. బట్టలు గీయడం రాక కాదు, కుందేలు బొచ్చు ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టినట్టు గీసిన చెయ్యి అది. ఓపికంతా నుదురు మీద, కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర, మెడ మీద పెట్టాడు. నుదుటి ముడతలు చూడండి, కనుబొమల వంపుని అనుసరించి ఒకదాని మీద ఒకటి లేస్తాయి. మెడలో నరాలు తాళ్లలా బిగుసుకుని మెడకింద ఎముకల దాకా దిగుతాయి. ఆ మెడ మీద మాంసం లేదు. మీకు ఒంటరితనం దొరకలేదుగానీ ఇది మాత్రం కచ్చితంగా దొరుకుతుంది: ఈమె బాగా చిక్కిపోయిన మనిషి. మీ సార్ "ఎక్కడ?" అంటే వేలు పెట్టి చూపించొచ్చు.

పెదవులు సన్నగా, బిగించి ఉన్నాయి. ఇక్కడే చాలామంది "కఠినమైన స్వభావం" అని రాసేస్తారు. దీని మీద నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, కాస్త పక్కకి వెళ్తాను, భరించండి.

మా అమ్మకి డెబ్బై దాటాక ఒకసారి వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి చార్‌కోల్‌తో గీశాను. ఇరవై నిమిషాలు కూర్చుంది. మధ్యలో రెండుసార్లు "అయిందా? పాలు పొంగిపోతాయిరా" అంది. బొమ్మ బాగా కుదిరింది, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. వచ్చినవాళ్లందరూ దాని ముందు ఆగి, "పాపం మీ అమ్మగారు ఎన్ని కష్టాలు పడ్డారో, ఆ మూతి బిగింపులోనే తెలుస్తోంది" అనేవాళ్లు. అసలు సంగతేంటంటే ఆ పూట ఆవిడ కట్టుడు పళ్లు తీసి గ్లాసులో పెట్టింది, చిగురు ఒరుసుకుంటోందని. పళ్లు లేకపోతే పెదవులు లోపలికి పోతాయి, గడ్డం పైకి వస్తుంది, మూతి బిగించినట్టే ఉంటుంది. దానికి తోడు పొయ్యి మీద పాలు. ఆ బొమ్మలో ఉన్న టెన్షన్ అంతా పాల టెన్షనే.

డ్యూరర్ తల్లికి పళ్లున్నాయో లేదో బొమ్మలో కనిపించదు, నేను చెప్పనూ చెప్పను. పెదవి సన్నబడింది, నోరు మూసి ఉంది, అంతవరకే కనిపించేది. కదలకుండా కూర్చున్న ఏ మనిషి నోరైనా పది నిమిషాలకి అలాగే అవుతుంది.

ఇప్పుడు కన్ను. రెండు కళ్లూ ఒకేవైపు చూడటం లేదని మీరు గమనించారు, సంతోషం. దీన్ని "ఇహాన్ని ఒక కంటితో, పరాన్ని ఒక కంటితో చూస్తోంది" అని వ్యాఖ్యానించేవాళ్లు ఉంటారు, వినడానికి బాగానే ఉంటుంది. నేనైతే ముందు సాదాగా తీసుకుంటాను. ఆమెకి మెల్ల ఉండి ఉండాలి, అతను దాన్ని సర్దలేదు. డ్యూరర్ స్వీయచిత్రాలు కొన్నిటిలో అతనికీ ఒక కన్ను కాస్త పక్కకి పోయినట్టుంటుంది, అందుకే ఇది తల్లి నుంచి వచ్చిందేమో అన్నవాళ్లు ఉన్నారు. అద్దంలో చూస్తూ కాగితం మీద గీసేవాడి బొమ్మలో కళ్లు అలా తేడా రావడం మామూలే కాబట్టి అది ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. బొమ్మలో మాత్రం ఆ కన్ను అలాగే ఉంది, అది గట్టి సంగతి.

సర్దకపోవడం ఎంత పెద్ద విషయమో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను పని నేర్చుకున్నదే సర్దడంలో. స్కూలు ఉద్యోగం రాకముందు మా టౌన్లో ఫోటోలు పెద్దవి చేసి గీసే ఒక ఆర్టిస్టు దగ్గర మూడేళ్లు ఉన్నాను. పోయిన పెద్దవాళ్ల పాస్‌పోర్టు సైజు ఫోటోనో, పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరసలో ఉన్న తలకాయో తెచ్చిచ్చేవాళ్లు. దాని మీద గళ్లు గీసి, పెద్ద కాగితం మీద అవే గళ్లు పెద్దవి గీసి, నల్లపొడి దూదితో రుద్దుతూ దించేవాళ్లం. వచ్చిన ప్రతివాళ్లూ చెప్పేది ఒకటే: "ముడతలు కొంచెం తగ్గించండి, బుగ్గలు నిండుగా రానివ్వండి, మెళ్లో రెండు పేటల గొలుసు వెయ్యండి." వేసేవాళ్లం. బతికుండగా ఇత్తడి గాజు ఎరగని ముసలమ్మలకి నేను వేసిన గొలుసులు కలిపితే కిలో బంగారం తేలుతుంది. తెలుగువాళ్ల ఇళ్లల్లో కుంకుమబొట్టు పెట్టి, ప్లాస్టిక్ దండ వేసి ఉండే ఆ నల్లటి బొమ్మలు మీరూ చూసే ఉంటారు. వాటిలో ఆ అవ్వ ఎలా ఉండేదో తెలియదు, మనవడు ఆమెను ఎలా చూసుకోవాలనుకున్నాడో తెలుస్తుంది. అదీ తప్పేం కాదు. కానీ ముసలివాళ్ల బొమ్మ ఏది చూసినా ఇది ఎవరి కోసం గీసింది, ఎవరు డబ్బులిచ్చారు అని అడిగాకే మిగతాది.

డ్యూరర్ బొమ్మకి ఎవరూ డబ్బులివ్వలేదు. అది అతని దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి మనకెలా తెలుసంటే బొమ్మ మీదే రాసి ఉంది, మీ రెండు పేజీల్లో ఆ రాత గురించి ఒక్క ముక్క లేకపోవడమే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. బొగ్గుతో, తన చేత్తో రాసుకున్నాడు: 1514, ఓకులై నాడు, ఇది ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తల్లి, వయసు 63 అని. ఓకులై అంటే ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో వచ్చే మూడో ఆదివారం, ఆ ఏడు మార్చి 19న పడింది. మనవాళ్లు తేదీ చెప్పకుండా "తొలి ఏకాదశి నాడు" అంటారే, అలాంటిదే. ఆ రోజు చర్చిలో పాడే కీర్తనలో మొదటి మాట లాటిన్లో "కళ్లు" కాబట్టి ఆ పేరు వచ్చింది. దీన్ని పట్టుకుని ఆ కళ్లకీ ఈ కళ్లకీ ముడిపెట్టి ఒక పేజీ నింపాలని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది ఒకప్పుడు. వద్దు. తేదీని ముందు తేదీలాగే చూడండి.

దాని కింద ఇంకో వాక్యం ఉంది, ఇది బొగ్గు కాదు, సిరా. అదే సంవత్సరం ఫలానా మంగళవారం రాత్రి ఆమె పోయిందని. అంటే మార్చిలో గీశాడు, మే నెలలో ఆమె పోయింది, ఆ తర్వాత మళ్లీ ఈ కాగితం బయటికి తీసి, కలం ముంచి, గంటతో సహా రాశాడు. ఒకే బొమ్మ మీద రెండు రోజులున్నాయి. మీకు దుఃఖం గురించే రాయాలని ఉంటే దాన్ని ముడతల్లో వెతక్కండి, ఈ సిరా దగ్గర వెతకండి. ఇక్కడైతే వేలు పెట్టి చూపించగలరు. పైగా ఇలా రాసుకోవడం అతనికి అలవాటు. 13 ఏళ్ల వయసులో, 1484లో, అద్దంలో చూసుకుని వెండి మొనతో గీసుకున్న తన బొమ్మ మీద కూడా తర్వాతెప్పుడో "నేనింకా పిల్లాడిగా ఉన్నప్పుడు గీసుకున్నది" అని రాసిపెట్టుకున్నాడు.

ఇక ఆమె బతుకు. బొమ్మ అయ్యాకే బయోగ్రఫీ చదవమని అంటాను, ముందే చదివితే చదివిందే కనిపిస్తుంది. పేరు బార్బరా, పుట్టింటి పేరు హోల్పర్. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 15 ఏళ్ల వయసులో పెళ్లి, మొగుడికి 40, హంగరీ నుంచి వచ్చిన కంసాలి. 18 మందిని కన్నది, పెద్దవాళ్లయి బతికి బట్టకట్టింది ముగ్గురు కొడుకులు. మొగుడు 1502లో పోయాడు, రెండేళ్లకి ఆమె కొడుకు ఇంటికి చేరింది, ఆమె దగ్గర అప్పటికి ఏమీ లేదని కొడుకే రాసుకున్నాడు. 1513లో ఒకరోజు పొద్దున్నే ఉన్నట్టుండి జబ్బు చేసింది. గది తలుపు ఆమె తీయలేకపోతే పగలగొట్టి లోపలికి వెళ్లి కిందికి మోసుకొచ్చారు. ఆ రోజే పోతుందనుకున్నారు, ఏడాదిపైన బతికింది. ఆ ఏడాది నిండబోతున్న సమయంలో గీసిందీ బొమ్మ. మెడ మీద మాంసం ఎందుకు లేదో, 63 ఏళ్లకి 80 దాటినదానిలా ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతోందిగా. మీరు "జీవితకాలపు బాధ" అని రాసినచోట అతను గీసింది చాలావరకు ఒక ఏడాది జబ్బు.

నిరాశ అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈమె మూల కూర్చుని రుద్రాక్షలు తిప్పుకున్న విధవరాలు మాత్రమే కాదు. 1506లో డ్యూరర్ వెనిస్‌లో ఉన్నప్పుడు స్నేహితుడు పిర్క్‌హైమర్‌కి రాసిన ఉత్తరాల్లో, న్యూరెంబర్గ్ తిరనాళ్లలో బొమ్మలు అమ్మే సంగతి చూసుకోమని మా అమ్మకి చెప్పు అన్న కబురు ఉంది. కొడుకు అచ్చువేసిన బొమ్మల్ని సంతలో అమ్మిపెట్టిన తల్లి. కొడుకు తప్పు చేస్తే గట్టిగా కోప్పడేదని, ఇంట్లోంచి బయటికెళ్లినా లోపలికొచ్చినా దేవుడి పేరు చెప్పి పంపేదని అతనే రాశాడు. ఇదంతా బొమ్మలో కనిపిస్తోందని మాత్రం రాయకండి. ఇది బొమ్మ బయటి సంగతి, దీన్ని పక్కన పెట్టుకుని చూస్తే మీ పాత వాక్యం మీకే నిలబడదనిపిస్తుంది, అంతవరకే దీని పని.

"వికారం" దగ్గరికి వద్దాం, అసలు పట్టు ఇక్కడుంది. ఆ కాలంలో యూరప్‌లో ముసలి ఆడదాని ముఖం గీశారంటే చాలాసార్లు అది మనిషి ముఖం కాదు, ఒక దుర్గుణానికి వేసిన వేషం. అసూయ, పిసినారితనం, మంత్రగత్తె, ఇలా. డ్యూరరే వేశాడు అలాంటిది. వియన్నా మ్యూజియంలో 1507 నాటి ఒక కుర్రాడి చిత్రం ఉంది, దాని వెనకవైపు ఒక ముసలామె: రొమ్ము బయటపడి, ఊడిపోగా మిగిలిన పళ్లతో నవ్వుతూ, చేతిలో బంగారు నాణేల సంచి. పేరు పిసినారితనం. ఆ ముసలామెనీ ఏడేళ్ల తర్వాత గీసిన ఈ తల్లినీ పక్కపక్కన పెట్టుకుని ఒక గంట చూడండి, అసైన్‌మెంట్ దానంతటదే రాసుకుంటుంది. అదే చెయ్యి, అవే ముడతలు. కానీ అక్కడ ముడత మీద వెక్కిరింత ఉంది. అక్కడి ముసలామె మనవైపు చూసి పళ్లికిలిస్తుంది, మనం ఏవగించుకోవాలని. ఇక్కడ తల్లి మనల్ని పట్టించుకోదు, మనం ఉన్నామని కూడా ఆమెకి తెలిసినట్టుండదు. ముడతలకి అర్థం సొంతంగా ఉండదని నేను అనేది ఇందుకే. వికారంగా గీయాలంటే ఎలా గీయాలో అతనికి బాగా తెలుసు, ఇక్కడ ఆ పని చేయలేదు.

ఇంకోటి కూడా చూడండి. 1521లో ఆంట్వర్ప్‌లో ఒక ముసలాయన్ని గీశాడు, గుబురు గడ్డం, తల వంచి చెయ్యి ఆనించుకున్నాడు. వంకాయరంగు కలిసిన బూడిదరంగు కాగితం మీద కుంచెతో నలుపు, తెలుపు. గడ్డంలో తెల్లటి మెరుపులు ఒక్కొక్కటీ చుట్టలు తిరుగుతుంటాయి. కళ్లు కిందికి వాలి ఉన్నాయి కదా అని మీరు "విషాదం" అని రాయబోతారు, ఆగండి. డ్యూరర్ దాని మీద రాసిపెట్టాడు: వయసు 93, ఇంకా ఆరోగ్యంగా, గట్టిగా ఉన్నాడు అని. సెయింట్ జెరోమ్ అనే క్రైస్తవ సాధువు పెయింటింగ్ కోసం కూర్చోబెట్టిన మోడల్ ఆయన, ఆ పెయింటింగ్ ఇప్పుడు లిస్బన్‌లో ఉంది. తల వంచింది జెరోమ్ వేషం కోసం. 63 ఏళ్ల తల్లి ముందు 93 ఏళ్ల ఆ ముసలాయన కుర్రాడిలా ఉంటాడు! రెంటి పనితనం కూడా వేరు. ఆయన బొమ్మ మెరుగుపెట్టి తీర్చింది, అందంగా ఉంటుంది, ఎవరికి చూపించినా నచ్చుతుంది. తల్లి బొమ్మ మొరటుగా ఉంటుంది, బొగ్గు ముక్క పక్కకి తిప్పి లాగిన గీతలు అలాగే వదిలేశాడు. మా ఆర్టిస్టు గారైతే "ఇంకా రుద్దాలి, ఫినిషింగ్ రాలేదు" అనేవారు. నా మటుకు నాకు ఆ రెండిట్లో తల్లిదే గొప్ప బొమ్మ. దీని మీద మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయనతో పదేళ్లు వాదించాను, ఆయన ఒప్పుకోకుండానే రిటైరయ్యాడు.

డ్యూరర్ తల్లి నలభైకి చేరువలో ఉన్నప్పుడు, 1490 ప్రాంతంలో, రంగుల్లో వేసిన చిత్రం న్యూరెంబర్గ్‌లో ఉంది, వీలైతే చూడండి. తెల్లటి తలగుడ్డ, చేతిలో జపమాల, తండ్రి చిత్రానికి జతగా వేసింది. ఆమె బార్బరాయేనని 1977లో ఒక పరిశోధకురాలు చెప్పింది, ఎక్కువమంది ఒప్పుకున్నారు. అందులో ఆమె కంసాలి గారి భార్య, పద్ధతిగా కూర్చుంది. పాతికేళ్ల తర్వాత పద్ధతంతా పోయి ఎముకలు మిగిలాయి.

మీరు ప్రశ్న చివర్లో ఎర్ర సుద్దతో గీసిన లియొనార్డో డావిన్చి ముసలి బొమ్మ సంగతీ అడిగారు, ఇటలీలోని టూరిన్‌లో ఉన్నది. "మేధావి కళ్లలో లోకం మీద విరక్తి" అని మీ ఫ్రెండ్ రాశాడని. అది లియొనార్డో స్వీయచిత్రమేనా అన్నదే ఇంకా తేలలేదు. ఆయన 67 ఏళ్లకి పోయాడు, బొమ్మలో మనిషి అంతకంటే పెద్దవాడిలా ఉన్నాడని అనేవాళ్లూ ఉన్నారు. పేరు తీసేసి చూస్తే ఆ మేధావితనం ఎంత మిగులుతుందో మీ ఫ్రెండ్‌ని ఒకసారి ప్రయత్నించమనండి. డ్యూరర్ తల్లికి ఆ ఇబ్బంది లేదు, ఎవరో ఏమిటో అతనే రాసిపెట్టాడు. అలాగే డ్యూరర్ "మెలంకోలియా" (దిగులు అని అర్థం) చెక్కడం కూడా 1514దే కాబట్టి అది తల్లి పోయిన దుఃఖంతోనే చెక్కాడని మీకు నెట్‌లో కనిపిస్తుంది. సంవత్సరం కలిసింది, అంతకుమించి చెప్పడానికి ఆధారం కావాలి.

ఇక ఇష్టం లేదా అన్న ప్రశ్న. ఆమె చావు గురించి డ్యూరర్ రాసుకున్న కాగితం ఒకటి మిగిలింది. చావంటే ఆమె బాగా భయపడిందని, దేవుడి ముందుకు వెళ్లడానికి మాత్రం భయం లేదని చెప్పిందని, ప్రాణం కష్టంగా పోయిందని, తాను పక్కనుండి ప్రార్థన చదివానని, ఎంత బాధ కలిగిందో మాటల్లో చెప్పలేనని రాశాడు. చివర్లో ఇంకో మాట: బతికున్నప్పటికంటే చనిపోయాక ఆమె ముఖం ఎంతో చక్కగా ఉందట. తల్లి శవం పక్కన నిలబడి ఆ మాట రాయగలిగినవాడు అప్పటిదాకా ఆ ముఖాన్ని ఎంతసేపు, ఎంత దగ్గరగా చూసి ఉండాలి! బతికున్నప్పుడు చక్కగా లేదని అతనికి తెలుసు. ఉన్నట్టే గీశాడు. గొలుసు వెయ్యలేదు.

మళ్లీ రాయమన్నారు కదా, ఫోన్‌లో చూసి రాయకండి. అసలు బొమ్మ బెర్లిన్‌లో ఉంది, కొలత 42.1 సెం.మీ. ఎత్తు, 30.3 వెడల్పు, అంటే దాదాపు ఏ3 కాగితమే. మంచి రిజల్యూషన్ ఫైలు దింపుకుని ఏ3లో ప్రింటు తీయించండి, గోడకి మీ కంటి ఎత్తులో అంటించండి, మూరెడు దూరంలో కూర్చోండి. షాపులో కుర్రాడు "లైట్‌గా ఉంది సార్, డార్క్ పెంచమంటారా" అంటాడు. వద్దనండి.